పుట్టింటికి వచ్చిన ప్రింటరు



ఇంక్‌జెట్ ప్రింటరు అంటే ఏమిటో ఇప్పుడు ఎవరికీ విడమరచి చెప్పక్కర్లేదు. మన ఇంట్లో లేకపోతే పక్కింట్లో ఉంటుంది. అక్కడా లేకపోతే వీధి చివర జిరాక్సు కొట్లో ఉంటుంది. పిల్లల హాల్‌టిక్కెట్లు, దరఖాస్తు ఫారాలు, రంగుల ఫొటోలు అందులోంచే వస్తాయి. అదే యంత్రంలో సిరాకు బదులు ప్రాణమున్న కణాలు పోసి, చర్మాన్నీ కండనూ అచ్చు వేసే ప్రయత్నాలు ఇరవై ఏళ్ళకు పైగా జరుగుతున్నాయి. ఈ మాట వినగానే కొందరు "ఇంకేముంది, కలికాలం!" అని బుగ్గలు నొక్కుకుంటారు. మరికొందరు "అయితే ఇక కిడ్నీలు, గుండెలు బజార్లో దొరుకుతాయన్నమాట" అని సంబరపడతారు. ఆ భయమూ అక్కర్లేదు, ఆ సంబరానికీ ఇంకా వేళ కాలేదు. అసలు ఈ సంగతి ఎక్కడ మొదలైంది, ఎవరెవరి చేతుల మీదుగా నడిచింది, ఎంతవరకు వచ్చింది, ఆడవాళ్ళం మనం ఇందులో ప్రత్యేకంగా పట్టించుకోవలసిందేముంది, ఇవీ ఈ రోజు నేను చెప్పదలచుకున్న విషయాలు.

ముందు ఆ ప్రింటరు చేసే పనేమిటో చూద్దాం. వాకిట్లో చుక్కల ముగ్గు వేసేటప్పుడు మనం మొదట చుక్కలు పెట్టుకుంటాం. చుక్క తప్పిందా, ముగ్గంతా తప్పినట్టే. ప్రింటరు మాత్రం గీతలు కలపదు, చుక్కలే పెట్టుకుంటూ పోతుంది. అక్షరమైనా, దేవుడి బొమ్మైనా దానికి చుక్కల పోగే. ఒక్కొక్క చుక్క మన తలవెంట్రుక మందం కన్నా చిన్నది. పెన్నూ, అచ్చుదిమ్మా కాగితాన్ని తాకి రాస్తాయి. ఇది తాకదు, పైనుంచి విదిలిస్తుంది. చుక్కగా వేయడం, తాకకుండా వేయడం, ఈ రెండు గుణాలనూ గుర్తుంచుకోండి. మన కథంతా వీటి చుట్టూనే తిరుగుతుంది.

వంటింట్లో కుళాయి సన్నగా తిప్పి చూడండి. పైన దారంలా దిగిన నీళ్ళు కిందికి వచ్చేసరికి చుక్కలు చుక్కలుగా తెగిపోతాయి. మనం రోజూ చూసేదే, కానీ ఎందుకలా అని ఆలోచించం. బెల్జియం దేశంలో జోసెఫ్ ప్లాటో అనే శాస్త్రజ్ఞుడు ఆలోచించాడు. పాపం, ఆయనకు 1843 నాటికే రెండు కళ్ళూ పోయాయి. అయినా పక్కవాళ్ళ కళ్ళతో చూసి, వాళ్ళు చెప్పింది విని, ప్రయోగాలు నడిపించి 1873లో పెద్ద గ్రంథమే తెచ్చాడు. తర్వాత 1878లో ఇంగ్లండులో లార్డ్ రేలీ దీనికి లెక్క కట్టాడు. సన్నటి ధార ధారగా నిలవలేదనీ, చుక్కలుగా విడిపోవడమే దాని స్వభావమనీ, ధార మందం తెలిస్తే ఎంతెంత దూరంలో తెగుతుందో ముందే చెప్పవచ్చుననీ తేల్చాడు. అది కాగితం మీద లెక్క. దానికో ఉపయోగం దొరకడానికి మరో 70 ఏళ్ళు పట్టింది.

ఆ ఉపయోగం దొరికింది ఆఫీసులో కాదు, ఆస్పత్రిలో. ఇది చాలామందికి తెలియని విషయం. గుండె కొట్టుకునే తీరును కాగితం మీద గీతగా గీసే పరీక్ష ఉంది కదా, మనమంతా ఇ.సి.జి. అంటాం. పూర్వం ఆ గీతను కదిలే పెన్ను గీసేది. పెన్నుకు బరువుంటుంది, కాగితానికి రాపిడి ఉంటుంది. గుండె చటుక్కున అదిరితే పెన్ను అంత చటుక్కున కదలలేదు. స్వీడన్ దేశంలో రూనె ఎల్మ్‌క్విస్ట్ అనే ఆయన ఉండేవాడు. చదివింది వైద్యం, చేసింది ఇంజనీరు పని. ఆయన పెన్ను తీసేసి, సన్నటి గొట్టంలోంచి సిరాను ధారగా కాగితం మీదికి చిమ్మించాడు. గుండె అదురుకు తగ్గట్టు ఆ గొట్టం కదిలేది. కాగితాన్ని తాకేది సిరా ఒక్కటే. దీనికి 1951లో అమెరికాలో పేటెంటు వచ్చింది. సిరా చిమ్మే యంత్రాల్లో నిజంగా పనికొచ్చిన మొదటిది ఇదేనంటారు. అంటే మన ప్రింటరు పుట్టిల్లు ఆస్పత్రి అన్నమాట.

ఈ ఎల్మ్‌క్విస్ట్ గురించి ఇంకో ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. ఆర్నె లార్సన్ అని స్వీడన్‌లో ఒక 43 ఏళ్ళ మనిషి. జబ్బు వల్ల గుండె లయ తప్పి, రోజుకు ఎన్నోసార్లు స్పృహ తప్పి పడిపోయేవాడు. ఆయన భార్య ఎల్సె-మారీ, గుండెకు విద్యుత్తుతో లయ అందించే పరికరం గురించి విని, తిన్నగా ఎల్మ్‌క్విస్ట్ దగ్గరికీ, ఓకె సెనింగ్ అనే సర్జను దగ్గరికీ వెళ్ళింది. మనిషిలో అమర్చేందుకు అలాంటిది ఇంకా తయారు కాలేదని వాళ్ళంటే, "అయితే తయారు చెయ్యండి" అని పట్టు పట్టింది. ఊరుకోలేదు, తిరిగింది, తిప్పింది. చివరికి ఎల్మ్‌క్విస్ట్ బూటు పాలిషు డబ్బానే అచ్చుగా వాడుకుని ఆ పరికరాన్ని పోత పోశాడు. 1958 అక్టోబరు 8న దాన్ని ఆర్నె ఒంట్లో అమర్చారు. ప్రపంచంలో మనిషి శరీరం లోపల పెట్టిన మొదటి పేస్‌మేకరు అదే. అది కొద్ది గంటలే పనిచేసింది. వెంటనే రెండోది పెట్టారు. ఆ తర్వాత జీవితమంతా కలిపి 26 పరికరాలు మార్చుకుంటూ ఆయన 86 ఏళ్ళు బతికి 2001లో పోయాడు. యంత్రం చేసిన ఎల్మ్‌క్విస్ట్, కోత కోసిన సెనింగ్, ఇద్దరూ ఆయనకన్నా ముందే వెళ్ళిపోయారు! భర్త ప్రాణం కోసం ఒక ఇల్లాలు పట్టిన పట్టు వైద్యచరిత్రనే మలుపు తిప్పింది.

సరే, మన సిరాధార సంగతికి వద్దాం. ఆస్పత్రిలో పుట్టిన ఈ పిల్లకు పెద్దయ్యాక ఆఫీసు సంబంధం కుదిరింది. 1960లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ స్వీట్ అనే ఇంజనీరు ధారను సెకనుకు లక్ష చుక్కలుగా తెంపి, ఒక్కొక్క చుక్కకూ ఇష్టమున్నంత విద్యుత్తు అంటించి, కావలసిన చోటికి మళ్ళించే పద్ధతి కనిపెట్టాడు. 1965లో దాన్ని ప్రకటించాడు. కంపెనీలు ఆ పద్ధతిని అక్షరాలు అచ్చు వేసే పనికి తీసుకుపోయాయి. కానీ ఆ యేడే, న్యూ మెక్సికోలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఒకతను దీన్ని ఇంకో కంటితో చూశాడు. అణుబాంబు రూపుదిద్దుకున్న చోటు అది. అక్కడ పనిచేస్తున్న మాక్ ఫుల్‌వైలర్‌కు, రక్తకణాలను సైజు ప్రకారం వేరుచేయాల్సిన అవసరం వచ్చింది. కణాలు కలిపిన ఉప్పునీటిని స్వీట్ పద్ధతిలోనే చుక్కలుగా తెంపితే, ఒక్కో చుక్కలో ఒక్కో కణం చిక్కుతుంది కదా! ఆ కణం పెద్దదో చిన్నదో ముందే కొలిచి, దాన్నిబట్టి చుక్కను ఇటో అటో మళ్ళిస్తే సరి. మనం చాటలో బియ్యం, మట్టిగడ్డలు వేరుచేసినట్టు ఆ యంత్రం ఎలుక రక్తకణాలనూ, మనిషి రక్తకణాలనూ వేరుచేసి పెట్టింది.

అంతకన్నా గొప్ప సంగతి ఇంకోటి ఆ ప్రయోగంలోనే తేలింది. చైనా హామ్‌స్టర్ అనే ఎలుకజాతి జంతువు అండాశయం నుంచి తీసి పెంచిన కణాలను ఆ యంత్రంలో నడిపితే, దాదాపు అన్నీ బతికి బయటపడి, మామూలుగానే పెరిగాయి. ప్రాణమున్న కణం చుక్కలో కూర్చుని గాలిలో ప్రయాణం చేసినా చావదని 1965లోనే రుజువైందన్నమాట.

ఈ దారినే స్టాన్‌ఫర్డ్‌లో లెనార్డ్ హెర్జెన్‌బర్గ్, ఆయన భార్య లెనోర్ బాగుచేశారు. 1972 నాటికి వాళ్ళ బృందం లేజరు కాంతితో కణాలను గుర్తుపట్టి వేరుచేసే యంత్రాన్ని తయారుచేసింది. ఎయిడ్స్ రోగులకు "సీడీ4 లెక్క" అని చేసే రక్తపరీక్ష ఈ వంశపు యంత్రాలదే. లెనోర్ సంగతి కూడా మనం వినదగ్గది. భర్త పరిశోధన చేసే కాల్‌టెక్ సంస్థలో ఆ రోజుల్లో ఆడపిల్లలను డిగ్రీ చదువుకు చేర్చుకునేవారు కారు. అయినా తరగతుల్లో కూర్చుని పాఠాలు వింది, భర్తతో సమంగా ప్రయోగశాలలో పనిచేసింది, చివరికి స్టాన్‌ఫర్డ్‌లోనే ప్రొఫెసరైంది.

ఇక మనకు తెలిసిన చౌక ప్రింటరు ఎలా వచ్చిందంటారా? జపాన్‌లో కానన్ కంపెనీలో 1977లో ఇచిరో ఎండో అనే ఇంజనీరు పనిచేస్తుండగా, వేడి వేడి టంకం కడ్డీ పొరపాటున సిరా నింపిన సిరంజి సూదికి తగిలింది. సిరా చటుక్కున చిమ్మింది! పోపులో ఆవాలు ఎందుకు ఎగిరిపడతాయి? లోపలి తేమ ఒక్కసారి ఆవిరై తన్నుతుంది కనుక. ఇదీ అంతే. సిరా వెనక ఒక చిన్న వేడిబిళ్ళ క్షణంలో కాగితే, అక్కడ ఆవిరి బుడగ లేచి, ముందున్న సిరాను చుక్కగా తోసేస్తుంది. ఇదే ఊహ అమెరికాలో హ్యూలెట్ పాకార్డ్ కంపెనీలో జాన్ వాట్ అనే ఆయనకు విడిగా తట్టింది. 1984లో ఆ కంపెనీ థింక్‌జెట్ అనే ప్రింటరును బజారులోకి దింపింది. ఇంకో రకంలో వేడి ఉండదు. విద్యుత్తు తగిలితే వంగే ఒక పలక సిరాను నొక్కి చుక్కను తోస్తుంది. ఎప్సన్ కంపెనీవి ఈ కోవలోవి. యంత్రం ఇలా చౌకై బల్లమీదికి వచ్చేసరికి, కాస్త తెలివీ కాస్త ధైర్యమూ ఉన్న ఏ జీవశాస్త్రజ్ఞుడైనా దాన్ని విప్పి చూడగల రోజులు వచ్చాయి.

మొదట విప్పి చూసినవాడు టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో నగరంలో వైద్యవిశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞుడు రాబర్ట్ క్లీబ్. 1988లో ఆయన హ్యూలెట్ పాకార్డ్ ప్రింటరులో సిరాకు బదులు ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీను పోశాడు. కణాలు అంటిపెట్టుకోవడానికి పనికొచ్చే జిగురు లాంటిది అది. దానితో బొమ్మ అచ్చు వేసి, మీద కణాలు చల్లితే, జిగురున్న చోటే కణాలు నిలిచాయి. కలంకారీలో కరక్కాయ పట్టిన గుడ్డ మీద రంగు నిలిచినట్టు అనుకోండి. ఆయన దీనికి "కణాలతో రాయడం" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. పొరమీద పొర పేర్చి కణజాలం తయారుచేయవచ్చునని అప్పుడే రాశాడు. ఆ మాటను నిజం చేసి చూడబోయేవాళ్ళు రావడానికి మరో పదిహేనేళ్ళు పట్టింది.

ఈలోగా ఇంకో వింత జరిగింది. రంగుల ప్రింటరులో నాలుగు సిరాలుంటాయి కదా, నీలం, గులాబి, పసుపు, నలుపు. మన వంశలక్షణాలను మోసే డి.ఎన్.ఏ.లో కూడా నాలుగే అక్షరాలు: ఎ, సి, జి, టి. సియాటిల్ నగరంలో లెరాయ్ హుడ్ బృందం 1990లలో ఆ నాలుగు రసాయనాలనూ ప్రింటరు తలలోంచి చుక్కలుగా వదిలి, గాజుపలక మీద డి.ఎన్.ఏ.ను అక్షరం పక్కన అక్షరంగా పేర్చింది. తర్వాత హ్యూలెట్ పాకార్డ్ నుంచి విడిపోయిన ఎజిలెంట్ కంపెనీ ఈ రకం పలకలను అమ్మకానికి తెచ్చింది.

ఇక 2003వ సంవత్సరం. అమెరికాలో దక్షిణ కెరొలైనా రాష్ట్రంలోని క్లెమ్సన్ విశ్వవిద్యాలయంలో థామస్ బోలండ్, ఆయన సహచరులు బజారులో దొరికే మామూలు ప్రింటర్లే తెచ్చారు. సిరాబుడ్డిని ఖాళీచేసి, శుభ్రంగా కడిగి, అందులో కణాలు కలిపిన ద్రవం నింపారు. జిగురు కాదు, ప్రాణమున్న కణాలే! ఇక్కడ ఎవరికైనా ఒక అనుమానం వస్తుంది. వేడిబిళ్ళ 300 డిగ్రీల దాకా కాగుతుంది కదా, కణాలు ఉడికిపోవా? ఉడకవు. సెకనును పది లక్షల భాగాలు చేస్తే, అందులో కొద్ది భాగాల సేపే ఆ వేడి. కాలిన పెనం మీద వేలు ఇలా తాకించి అలా తీస్తే కాలదు చూడండి, అలాగన్నమాట. మొత్తం ద్రవం కొద్ది డిగ్రీలే వెచ్చబడుతుంది. ఆయన దగ్గర పరిశోధన చేసిన టావో షు తదితరులు 2005లో ప్రకటించిన లెక్క ప్రకారం నూటికి తొంభైకి పైగా కణాలు బతికాయి. విచిత్రమేమంటే వాళ్ళు వాడిన కణాల్లో అదే చైనా హామ్‌స్టర్ కణాలు కూడా ఉన్నాయి. ఈ తోపులాటలో కణాల పొరకు సూక్ష్మమైన చిల్లులు పడతాయనీ, కొద్ది గంటల్లో అవే పూడిపోతాయనీ తర్వాత తెలిసింది.

దాదాపు అదే కాలంలో జపాన్‌లో మకోతో నకమూరా అనే చిన్నపిల్లల డాక్టరు ఇదే దారి పట్టాడు. గుండెజబ్బు పిల్లలకు మార్చి పెట్టడానికి గుండెలు దొరకక వాళ్ళు కళ్ళముందే పోతుంటే చూడలేక పరిశోధనలోకి వచ్చినవాడు. 2002లో ఆయనకు ఒక సంగతి తట్టింది. ప్రింటరు వదిలే సిరాచుక్క, మనిషి ఒంట్లో కణం, రెండూ ఇంచుమించు ఒకే సైజు! వెంటనే ఒక ఎప్సన్ ప్రింటరు కొని కణాలు పోసి చూశాడు. రంధ్రాలు మూసుకుపోయాయి. కంపెనీ సహాయకేంద్రానికి ఫోను చేసి, "కణాలు అచ్చు వేయాలి, ఏం చెయ్యమంటారు?" అని అడిగాడు. అవతలివాళ్ళు మర్యాదగా కుదరదన్నారు. ఆయన వదల్లేదు. చివరికి ఆ కంపెనీలోనే ఆసక్తి ఉన్న అధికారి ఒకరు దొరికి సాయపడ్డారు. సముద్రపు నాచు నుంచి తీసే ఆల్జినేట్ అనే పదార్థంలో కణాలు కలిపి, ఆ చుక్కలను కాల్షియం కలిపిన నీళ్ళలో రాల్చాడు. కాగే నూనెలో పడ్డ బూందీ బిగుసుకున్నట్టు, ఇక్కడ వేడి లేకుండానే చుక్క బిగుసుకుంటుంది. చుక్క పక్కన చుక్క, పొర మీద పొర పేర్చి సన్నటి గొట్టం తయారుచేశాడు. రక్తనాళానికి అది తొలి నమూనా అనుకోవచ్చు.

ఇలా ఆస్పత్రిలో పుట్టి, ఆఫీసుకు కాపురానికి వెళ్ళిన యంత్రం మళ్ళీ పుట్టింటికి వచ్చింది. రావడమైతే వచ్చింది. మరి చేతిలో ఏం తెచ్చింది?

ఇక్కడ కాస్త నిదానించి వినాలి. పత్రికల్లో పెద్ద అక్షరాలు చూసి మనం మోసపోయే చోటు ఇదే. 2011 మార్చిలో అమెరికాలో వేక్ ఫారెస్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆంథొనీ అటాలా అనే ప్రముఖ వైద్యుడు, ఒక సభలో యంత్రంతో అచ్చు వేసిన కిడ్నీ ఆకారాన్ని చేత్తో పట్టుకుని చూపించాడు. మర్నాటికల్లా "కిడ్నీ తయారైపోయింది" అని ఎన్నో పత్రికలు రాశాయి. అది పనిచేసే కిడ్నీ కాదు. నమూనా మాత్రమేనని విశ్వవిద్యాలయం సర్ది చెప్పవలసి వచ్చింది. ఈలోగా డయాలసిస్ మంచాల మీద ఉన్నవాళ్ళలో ఎంతమంది ఆశపడి ఉంటారో ఊహించుకోండి.

ఎందుకింత కష్టం? మన ఒంట్లో దాదాపు ఏ కణమైనా సన్నటి రక్తనాళానికి మిల్లీమీటరులో పదోవంతు, మహా అయితే అయిదోవంతు దూరంలోపలే ఉండాలి. లేకపోతే ప్రాణవాయువు అందక చస్తుంది. పలచటి పొరను అచ్చు వేయడం సులువే. మందంగా వేస్తే లోపలి కణాలు ఊపిరాడక పోతాయి. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే ఏర్పాట్లు ఒక్కోదానిలో సుమారు పది లక్షలు. వాటన్నిటికీ రక్తనాళాల అల్లిక చేయాలి. పైగా ఇంక్‌జెట్ యంత్రంలో పలచటి ద్రవమే నడుస్తుంది. చిక్కబెడితే రంధ్రం పూడిపోతుంది. మజ్జిగలో మీగడ తేలినట్టు కాక, ఇక్కడ కణాలు బుడ్డి అడుగుకు దిగిపోతాయి. అందుకే మందమైన కణజాలానికి ఇప్పుడు చాలాచోట్ల వేరే రకం యంత్రాలు వాడుతున్నారు. అవి గోరింటాకు కోనులోంచి నొక్కినట్టు చిక్కటి ముద్దను తీగలా వదులుతాయి. చుక్కలు వేసే యంత్రానికి పని పోలేదు లెండి, సన్నటి పనితనం కావలసిన చోట ఇంక్‌జెట్‌దే పైచేయి.

ఆ పని ఎక్కడ పనికొస్తోందో కూడా చెప్పాలి. కాలిన గాయాలు మన వంటిళ్ళకు కొత్త కాదు. వేక్ ఫారెస్ట్‌లోనే 2019లో ప్రకటించిన ఒక యంత్రం, గాయం లోతునూ వైశాల్యాన్నీ ముందు కొలుచుకుని, చర్మపు కణాలను పొరలు పొరలుగా తిన్నగా పుండు మీదే అచ్చు వేస్తుంది. తాకకుండా వేయడం ఎంత వరమో కాలిన ఒంటికి తెలుస్తుంది. ఎలుకల మీదా, పందుల మీదా గాయాలు త్వరగా మానాయి. ఇక మందుల తయారీలో చూస్తే, పొడి మీద ద్రవం చుక్కలు వేసి గట్టిపరిచే పద్ధతి ఒకటి మసాచుసెట్స్‌లోని ఎం.ఐ.టి.లో పుట్టింది. ఆ దారిలో చేసిన మూర్ఛ మాత్రకు 2015 ఆగస్టులో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. గుక్కెడు నీళ్ళకే నోట్లో ఇట్టే కరిగిపోతుంది. మింగడం కష్టమైన వాళ్ళకు అది ఎంత మేలో రోగి పక్కన కూర్చున్నవాళ్ళను అడగండి. కొత్త మందులను జంతువుల మీద కాకుండా అచ్చు వేసిన కణజాలం మీద పరీక్షించే దారి కూడా తెరుచుకుంటోంది. జంతువుల మీద పరీక్ష తప్పనిసరి అనే పట్టును అమెరికా 2022 డిసెంబరులో చట్టం ద్వారా సడలించింది.

మన హైదరాబాదుకూ ఈ కథలో చోటుంది. ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి, ఐ.ఐ.టి. హైదరాబాదు, సి.సి.ఎం.బి. కలిసి, మనిషి కంటిపొర అంటే కార్నియాను ముప్పేటల ముద్రణలో తయారుచేసి కుందేలు కంటికి అమర్చినట్టు 2022 ఆగస్టులో ప్రకటించాయి. దాతల కంటిపొరలోంచి కణాలను కడిగేసి, మిగిలిన పదార్థంతో "జీవసిరా" చేశారు. ఇలా అసలు అవయవం నుంచే జీవసిరా తీసే పద్ధతిని 2014లో దక్షిణ కొరియాలో ప్రకటించిన బృందంలోని ఫాల్గుణి పతి తర్వాత ఐ.ఐ.టి. హైదరాబాదుకే వచ్చారు. కార్నియాకు రక్తనాళాలు ఉండవు. ఇందాక చెప్పుకున్న పెద్ద చిక్కు దానికి లేదు. అందుకే అది ముందు వరుసలో ఉంది. ఇక్కడ ఒక మాట మరువకండి. ఆ జీవసిరాకు కూడా మూలం ఎవరో ఒక పుణ్యాత్ములు దానం చేసిన కళ్ళే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. సొంత కణాలతో సొంత అవయవం అచ్చు వేసుకునే రోజు వస్తే ఎక్కువ మేలు ఎవరికి? రోగికి అంటారు. నిజమే. రోగితో పాటు ఇంకొకరికి కూడా. ఆ ఇంకొకరు ఎవరో లెక్కలు చెబుతున్నాయి. మన దేశంలో 1995 నుంచి 2021 దాకా జరిగిన అవయవ మార్పిళ్ళు 36,640. అందులో అవయవం అందుకున్న ఆడవాళ్ళు 6,945 మంది మాత్రమే. మిగతా 29 వేల పైచిలుకు మగవాళ్ళే. మరి ఇచ్చినదెవరు? 2019 లెక్క తీసి చూస్తే, బతికుండగా అవయవం ఇచ్చినవారిలో నూటికి 80 మంది ఆడవాళ్ళు. ఎక్కువమంది భార్యలు, తల్లులు.

నేనెవరినీ తప్పుపట్టడం లేదు. బిడ్డకు కిడ్నీ ఇవ్వడానికి వెనుకాడే తల్లి ఉండదు. భర్త కోసం సర్వం ఒడ్డే ఇల్లాలిని ఎల్సె-మారీలో చూశాం, మన ఇళ్ళల్లోనూ చూస్తున్నాం. కానీ ఒక్క ప్రశ్న వేసుకుందాం. ఇంట్లో ఒకరికి కిడ్నీ కావాలనగానే అందరి చూపూ ముందు ఎవరి మీద పడుతుంది? ఆమెను అడుగుతున్నారా, లేక ఆమె ఇస్తుందిలే అని అనుకుంటున్నారా? అదే ఇల్లాలికే కిడ్నీ కావలసి వస్తే ఎంతమంది ముందుకొస్తున్నారు? "సంపాదించేవాడి ఒంటికి కత్తి తగలకూడదు" అనే మాట మనలో చాలామంది విన్నదే. పొద్దున్న అయిదింటికి లేచి రాత్రి పదింటిదాకా నిలబడే ఒంటికి మాత్రం తగలవచ్చునా? ఇవ్వడం గొప్ప గుణం. అడగకుండా తీసుకోవడం మాత్రం గొప్ప కాదు.

ప్రింటరు వచ్చి ఈ చిక్కు తీరుస్తుందిలే అని కూర్చుంటే కుదరదు. రేలీ లెక్క నుంచి ఎల్మ్‌క్విస్ట్ యంత్రానికి 70 ఏళ్ళు పైగా పట్టింది. కణం చుక్కలో బతుకుతుందని తెలిసిన 1965 నుంచి, ఆ చుక్కతో బొమ్మ వేసిన 2003 దాకా 38 ఏళ్ళు పట్టింది. విజ్ఞానం చుక్క చుక్కగానే నడుస్తుంది. ముగ్గు పూర్తయ్యేదాకా ముంగిట్లో నిలబడ్డవాళ్ళ సంగతి మనమే చూసుకోవాలి.

దానికి మన చేతిలో ఉన్న పనులు రెండున్నాయి. ఒకటి, మరణించిన తర్వాత అవయవాలు ఇవ్వడానికి ఒప్పుకోవడం. ఆంధ్రప్రదేశ్‌లోనూ, తెలంగాణలోనూ జీవన్‌దాన్ పథకం ఇందుకే ఉంది. బ్రెయిన్ డెడ్ అయిన ఒక్కరు ఎందరికో ప్రాణం పోయవచ్చు. అలా ఇచ్చేవాళ్ళు పెరిగినకొద్దీ బతికున్న భార్య మీదా, తల్లి మీదా భారం తగ్గుతుంది. రెండోది నేత్రదానం. మరణించిన ఆరు గంటల లోపల కళ్ళు ఇవ్వవచ్చు. వయసు మళ్ళినవాళ్ళూ, కళ్ళద్దాలు వాడేవాళ్ళూ కూడా ఇవ్వవచ్చు. కాగితం మీద సంతకం పెట్టడమొక్కటే చాలదు. ఆ ఘడియలో నిర్ణయం చేసేది ఇంట్లోవాళ్ళు. అందుచేత మన కోరిక ఏమిటో భర్తకు, పిల్లలకు, కోడలికి నోరు తెరిచి చెప్పి ఉంచాలి. అశుభం మాట్లాడుతున్నావని కసిరితే కసరనివ్వండి, చెప్పడం మానకండి.

ఇంకో హెచ్చరిక. ఎవరైనా కణాల చికిత్స, అచ్చు వేసిన అవయవం అని చెప్పి లక్షలు అడిగితే తొందరపడి నగలు తాకట్టు పెట్టకండి. అది అనుమతి పొందిన చికిత్సా, ఇంకా పరిశోధనలో ఉన్నదా అని ముందు నిలదీసి అడగండి. పరిశోధన అయితే దానికి రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు.

ఇంటికి కావలసినదాన్ని పట్టుపట్టి సాధించడం మనకు కొత్త కాదు. ఒక్కసారి మన ఒంటి విషయంలో కూడా ఆ పట్టు చూపిద్దాం. సెలవు.